అమ్మ మోకాళ్లు, పదమూడో పిన్ను

పోయిన ఏడాది మినీ ప్రాజెక్ట్ వైవాలో జరిగిన సంగతి ముందు చెప్పేస్తాను. కొంచెం సిగ్గుగానే ఉంది, అయినా చెబుతాను.

మా బ్యాచ్ నలుగురం కలిసి ఒక షాపులో రెడీమేడ్ ప్రాజెక్ట్ కొన్నాం. బోర్డు, వైర్లు, బైండింగ్ చేసిన రిపోర్టు, ఆఖరికి పీపీటీ కూడా వాళ్లే ఇచ్చారు. వైవాలో సార్ ఆ రిపోర్టు తెరవనే లేదు. బోర్డు మీద లైటు వెలిగి ఆరడం కాసేపు చూసి, "ఏమ్మా, ఇది సెకనుకోసారి వెలుగుతోంది కదా, అర సెకనుకి మార్చి చూపించు" అన్నారు. అంతే! నలుగురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఆ కోడ్ మా ల్యాప్‌టాప్‌లో కూడా లేదు. షాపులోనే చిప్‌లో ఎక్కించి ఇచ్చారు. సార్ మంచివారు కాబట్టి పాస్ మార్కులు పడ్డాయి. కానీ ఈసీఈ చదువుతూ, ఎంపీఎంసీ ల్యాబ్‌లో 8051 ప్రోగ్రాములు రికార్డు నిండా రాసి, ఒక లైటు వేగం మార్చలేకపోయానన్న సంగతి సెలవుల్లో ఇంటికెళ్లినా నన్ను వదల్లేదు.

ఇంటి దగ్గర ఇంకో సమస్య ఉంది. పొద్దున్నే కుళాయి నీళ్లు సంపులోకి వస్తాయి. అమ్మ మోటారు వేస్తుంది. ట్యాంకు నిండిందో లేదో చూడటానికి మేడ మెట్లెక్కుతుంది. ఆమెకి మోకాళ్ల నొప్పులు. ఎక్కకపోతే పక్కింటి పిన్నిగారి కేక వినపడుతుంది: "ఏమ్మోయ్, ట్యాంకు పొర్లిపోతోంది!" ఆ కేక విన్న రోజునే నాకు ప్రాజెక్ట్ దొరికింది. ట్యాంకు నిండగానే వంటింట్లో మోగే ఒక పెట్టె.

అది ఎలా చేశానో, ఎక్కడ బోల్తా పడ్డానో ఈ వ్యాసంలో రాస్తున్నాను. మైక్రోకంట్రోలర్ ఇంతవరకు ముట్టుకోని మెకానికల్, సివిల్ వాళ్లు కూడా చదవొచ్చు. కోడ్ మాత్రం ఇందులో ఇవ్వడం లేదు. ఇస్తే మీరేం చేస్తారో నాకు తెలుసు, నేనూ అదే చేసి వచ్చాను కాబట్టి.

అసలు చేతిలో ఉన్నదేమిటి?

నేను వాడింది ఆర్డ్యునో ఊనో. 2005లో ఇటలీలోని ఇవ్రేయా అనే ఊళ్లో, ఎలక్ట్రానిక్స్ రాని డిజైన్ విద్యార్థుల కోసం ఈ ఆర్డ్యునో పుట్టింది. అక్కడి ఒక బార్ పేరే దీనికి పెట్టారు. ఎలక్ట్రానిక్స్ రానివాళ్ల కోసం చేసిన బోర్డు చూసి ఈసీఈ వాళ్లం భయపడటం ఏం బాగుంటుంది?

ఆ బోర్డు మీద అసలైన మనిషి ఏటీమెగా 328పీ అనే చిప్పు. ప్రోగ్రాము ఉండే ఫ్లాష్ మెమరీ 32 కేబీ. ప్రోగ్రాము నడుస్తున్నప్పుడు వేరియబుల్స్ ఉండే ర్యామ్ 2 కేబీ. అవును, కేబీనే, జీబీ కాదు. యూనికోడ్ యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకి 3 బైట్లు పడతాయి. ఆ లెక్కన మీరిప్పుడు చదువుతున్న వ్యాసంలో రెండు పెద్ద పేరాలు పెడితే ఆ ర్యామ్ నిండిపోతుంది. వేగం 16 మెగాహెర్ట్జ్, అంటే సెకనుకి కోటీ అరవై లక్షల టిక్కులు. మన ల్యాప్‌టాప్ ముందు ఇది చీమ. కానీ ఈ చీమకి విండోస్ లేదు, అప్‌డేట్లు లేవు, మధ్యలో వేరే యాప్ లేదు. మనం చెప్పిన ఒక్క పని, కరెంటు ఉన్నంతసేపు, అదే చేస్తూ ఉంటుంది.

ప్రోగ్రాములో రెండు భాగాలు. "సెటప్" అనేది కరెంటు రాగానే ఒక్కసారి జరుగుతుంది. "లూప్" ఆ తర్వాత తిరుగుతూనే ఉంటుంది. గానుగెద్దు గుర్తుంది కదా, అదే లూప్.

మొదటి రోజు: ఒక్క లైటు

ముందు బోర్డుని ల్యాప్‌టాప్‌కి కలపాలి. నాకు ఇక్కడే గంటన్నర పోయింది. బోర్డు మీద పవర్ లైటు వెలుగుతోంది, ల్యాప్‌టాప్‌కి మాత్రం పోర్టు కనపడటం లేదు. బోర్డు పాడైందనుకున్నాను. తీరా చూస్తే తప్పు కేబుల్‌ది. కొన్ని యూఎస్‌బీ కేబుళ్లలో ఛార్జింగ్ తీగలు మాత్రమే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. కేబుల్ మార్చినా పోర్టు కనపడకపోతే, తక్కువ ధర క్లోన్ బోర్డుల్లో సీహెచ్340 అనే చిప్పు ఉంటుంది, దాని డ్రైవర్ వేసుకోవాలి. ఈ రెండూ చూసుకున్నాకే బోర్డుని తిట్టండి.

తర్వాత ఐడీఈలో ఉదాహరణల కింద "బ్లింక్" అనే ప్రోగ్రాము తెరిచి అప్‌లోడ్ చేయండి. బోర్డు మీదున్న చిన్న ఎల్‌ఈడీ పదమూడో పిన్నుకి కలిపి ఉంటుంది. అది సెకను వెలిగి, సెకను ఆరుతుంది. ఇప్పుడు 1000 అని ఉన్నచోట 500 పెట్టి మళ్లీ అప్‌లోడ్ చేయండి. నా వైవా ప్రశ్నకి జవాబు ఇంతే. రాత్రి పదకొండింటికి ఆ లైటు వేగం మారడం చూసి నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి.

ఇక్కడితో ఆగకండి. ఆ ఒక్క లైటు ఎందుకు వెలిగిందో చివరిదాకా వెళ్లి చూడండి. మనం రాసింది కంపైలర్ చేతిలో అంకెలుగా మారి, యూఎస్‌బీ ద్వారా చిప్పులోకి వెళ్తుంది. అప్పటికే అక్కడ బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రాము కూర్చుని ఉంటుంది. వచ్చిన అంకెలని తీసుకుని ఫ్లాష్‌లో రాసేది అదే. చిప్పు లెక్కలో పదమూడో పిన్ను అంటే పోర్ట్ బీలో అయిదో బిట్. డీడీఆర్‌బీ అనే రిజిస్టర్‌లో ఆ బిట్‌ని 1 చేస్తే పిన్ను అవుట్‌పుట్ అవుతుంది. పోర్ట్‌బీ రిజిస్టర్‌లో అదే బిట్‌ని 1 చేస్తే పిన్ను మీద 5 వోల్టులు వస్తాయి. మనం వాడే "డిజిటల్ రైట్" లోపల చేసే పని ఇదే. ఎంపీఎంసీ ల్యాబ్‌లో కంఠస్థం పట్టిన పోర్టులు, బిట్లు ఏమిటో నాకు ఆ రోజు అర్థమైంది.

రెండో రోజు: బయటి లైటు, ఒక స్విచ్చు

ఇప్పుడు బ్రెడ్‌బోర్డు మీదకి రండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి కోఠిలో గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. మిగతావాళ్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. కావలసింది రెండు మూడు ఎల్‌ఈడీలు, 220 ఓమ్‌ల రెసిస్టర్లు, రెండు పుష్ బటన్లు, జంపర్ వైర్లు.

ఎల్‌ఈడీకి రెసిస్టర్ ఎందుకు పెట్టాలి? ఎర్ర ఎల్‌ఈడీ సుమారు 2 వోల్టులు తీసుకుంటుంది. మిగతా 3 వోల్టులు ఎక్కడో పడాలి. 3ని 220తో భాగిస్తే దాదాపు 13.6 మిల్లీ ఆంపియర్లు. ఈ చిప్పులో ఒక పిన్ను ఎట్టి పరిస్థితిలోనూ 40 దాటకూడదు, 20 లోపు ఉంచుకోవడం మర్యాద. రెసిస్టర్ లేకుండా పెడితే ఎల్‌ఈడీ గానీ పిన్ను గానీ, ఏదో ఒకటి పోతుంది. ఓమ్స్ లా ఇంటర్‌లో చదివాం కదా, అది ఇక్కడ పనికొస్తుంది.

స్విచ్చు దగ్గర ఇంకో చిత్రం. ఒక పిన్నుని ఇన్‌పుట్‌గా పెట్టి, బటన్‌ని దానికీ గ్రౌండ్‌కీ మధ్య కలిపాను. నొక్కకపోయినా నొక్కినట్టు చూపిస్తోంది, చెయ్యి దగ్గరికి తెస్తే మారిపోతోంది. దయ్యం పట్టిందేమో అనుకున్నాను. బటన్ నొక్కనప్పుడు ఆ పిన్ను దేనికీ కలిసి ఉండదు, గాల్లో ఉంటుంది. చుట్టుపక్కల కరెంటు తీగల గోల అంతా అదే వింటుంది. దానికి మందు పుల్-అప్ రెసిస్టర్. చిప్పు లోపలే ఒకటి ఉంటుంది, "ఇన్‌పుట్ పుల్అప్" అని రాస్తే పనిచేస్తుంది. అప్పుడు నొక్కనప్పుడు 1, నొక్కితే 0. తిరగబడినట్టు అనిపిస్తుంది గానీ రెండు రోజుల్లో అలవాటైపోతుంది.

ఇంకొకటి. బటన్ ఒక్కసారి నొక్కినా లోపల రేకు కొన్ని మిల్లీసెకన్ల పాటు ఎగిరి ఎగిరి కుదురుకుంటుంది. మనకి తెలియదు గానీ చీమకి తెలుస్తుంది. ఒక్క నొక్కుడుని నాలుగైదుగా లెక్కపెడుతుంది. అందుకని మొదటి మార్పు చూడగానే ఒక 50 మిల్లీసెకన్లు ఓపిక పట్టి, అప్పటికీ అలాగే ఉంటేనే నొక్కినట్టు తీసుకోవాలి. దీన్నే డీబౌన్సింగ్ అంటారు.

మూడో రోజు: కోడ్ కాదు, కాగితం

ఇప్పుడు అసలు పెట్టె. కీబోర్డు మీద చెయ్యి వేయబోతూ ఆగి, అమ్మనే అడిగాను, నీకేం కావాలని. అమ్మ ఉల్లిపాయలు తరుగుతూ చెప్పింది: "నిండితే మోగాలి. ఆపితే ఆగాలి. నేను మర్చిపోతే మళ్లీ మోగాలి."

మూడే వాక్యాలు. సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ పుస్తకంలో రిక్వైర్‌మెంట్స్ అని ఒక యూనిట్ అంతా చెప్పేది ఈ పనే.

వాటిని కాగితం మీద రాసుకున్నాను. అక్కడే ఒక తిరకాసు దొరికింది. అమ్మ మోటారు కట్టేసినా ట్యాంకు నిండుగానే ఉంటుంది కదా! మళ్లీ మోగాలి అంటే, నీళ్లు వాడేదాకా నిమిషానికోసారి మోగి చంపుతుంది. మోటారు ఆగిందో లేదో పెట్టెకి తెలిసే దారి లేదు. అందుకని రెండు బటన్లు పెట్టాను. పసుపుది "వస్తున్నా", ఆకుపచ్చది "కట్టేశా". దాంతో పెట్టెకి నాలుగు స్థితులు వచ్చాయి. ట్యాంకు నిండలేదు, నోరు మూసుకుని ఉండు. నిండింది, మోగు. పసుపు నొక్కారు, ఒక నిమిషం ఆగి మళ్లీ మోగు. ఆకుపచ్చ నొక్కారు, నీటిమట్టం ఒకసారి దిగేదాకా మాట్లాడకు. నాలుగు గుండ్రాలు గీసి మధ్యలో బాణాలు వేశాను. మీకు గుర్తొచ్చే ఉంటుంది, డిజిటల్ లాజిక్‌లో చదివిన స్టేట్ డయాగ్రమ్ ఇదే. ఈ బొమ్మ సరిగ్గా వస్తే కోడ్ ముప్పావు వంతు అయిపోయినట్టే.

ట్యాంకులో ఏం పెట్టాలి? రెండు రాగి తీగలు నీళ్లలో వేలాడదీస్తే నీళ్లు తగలగానే కరెంటు పారుతుంది, చవకైన పద్ధతి. కానీ ఎప్పుడూ డీసీ ఉంటే ఎలక్ట్రాలిసిస్ జరిగి తీగ తినేసుకుపోతుంది. పైగా అవి మనం వాడే నీళ్లు. అందుకని ఫ్లోట్ స్విచ్ తీసుకున్నాను. నీళ్లతో పాటు పైకి తేలే బిళ్ల, దాంట్లో అయస్కాంతం, మధ్య కాడలో రీడ్ స్విచ్. ఆ బిళ్లని తిరగేసి పెడితే స్విచ్చు పనిచేసే తీరు కూడా తిరగబడుతుంది.

ఏ వైపు పెట్టాలి అన్నది చిన్న ప్రశ్న కాదు. ట్యాంకు నిండినప్పుడు సర్క్యూట్ తెగేలా పెట్టాను. ఎందుకంటే రేపు తీగ తెగిపోయినా పెట్టె మోగుతుంది. రెండోలా పెడితే తీగ తెగిన రోజు పెట్టె కిక్కురుమనదు, మనం మాత్రం అంతా బాగుందనుకుంటాం. పాడైతే అరిచే పరికరం మంచిది, పాడైనా గమ్మునుండేది ప్రమాదం. నెల తర్వాత ఒక రోజు ఖాళీ ట్యాంకుకి పెట్టె మోగింది. వెళ్లి చూస్తే మేడ మీద ఉడత తీగ కొరికేసింది.

మేడ నుంచి వంటింటికి తీగ పొడుగు కాబట్టి చిప్పులోని పుల్-అప్ సరిపోలేదు. అది 20 నుంచి 50 కిలో ఓమ్‌ల దాకా ఉంటుంది, పొడుగు తీగకి బలహీనం. బయట 4.7 కిలో ఓమ్‌లది ఒకటి పెట్టాక కుదురుకుంది. పైనుంచి నీళ్లు పడుతుంటే అలలకి ఫ్లోట్ ఊగుతుంది. అందుకని ఆగకుండా 3 సెకన్లు తెగి ఉంటేనే నిండినట్టు లెక్క. బజర్‌ని నేరుగా పిన్నుకి కట్టకుండా బీసీ547 ట్రాన్సిస్టర్ ద్వారా నడిపాను. కరెంటుకి పాత మొబైల్ ఛార్జర్. అంతా ఒక ప్లాస్టిక్ స్వీటు డబ్బాలో పట్టేసింది.

మోటారుని కూడా అదే ఆపేస్తే బాగుంటుంది కదా అని నాన్న అడిగారు. వద్దన్నాను. 230 వోల్టులతో ఆడే అర్హత నాకింకా రాలేదు. మీరు కూడా మొదటి ప్రాజెక్టులో 5 వోల్టులు దాటకండి.

49 రోజుల నిమిషం

పెట్టె బిగించి కాలేజీకి వచ్చేశాను. వారం బాగానే ఉంది. ఒక రోజు ఫోన్. "నీ పెట్టె మోగలేదే. ఇవాళ పొర్లి మెట్లన్నీ తడిసిపోయాయి. మీ నాన్న కాలు జారబోయి రెయిలింగ్ పట్టుకున్నారు."

నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. వైవాలో పోయింది మార్కులే. ఇక్కడ మనిషి పడేవాడు. పైగా పెట్టె ఉందన్న ధైర్యంతోనే కదా అమ్మ మేడ ఎక్కి చూడటం మానేసింది!

ఫోన్‌లోనే అడిగాను, ఏం నొక్కావని. మొదట పసుపు నొక్కిందట. పోపు మాడిపోతోందని అటు వెళ్లిందట. మళ్లీ మోగలేదు. తర్వాత ఆకుపచ్చ నొక్కినా ఏమీ కాలేదు. మర్నాడు మాత్రం మామూలుగా పనిచేసింది. "రాత్రి కరెంటు పోయి వచ్చిందే" అని కూడా చెప్పింది. ఇంత మంచి బగ్ రిపోర్టు రాసేవాళ్లు మన క్లాసులో ఎవరూ లేరు.

హాస్టల్లో ఇంకో బోర్డు మీద అదే కోడ్ వేసి చూశాను. ఇంట్లో ఉన్నప్పుడు నిమిషం ఎవరు కాచుకుంటారని 5 సెకన్లు పెట్టి పరీక్షించాను. డిలే బ్రాకెట్‌లో 5 * 1000. బ్రహ్మాండంగా పనిచేసింది. బిగించేముందు ఆ 5ని 60 చేశాను, అంతే కదా అని. అదే కొంప ముంచింది.

ఈ చిప్పులో ఇంట్ అంటే 16 బిట్లు. అది పట్టే అతి పెద్ద అంకె 32767. 5 * 1000 అంటే 5000, పడుతుంది. 60 * 1000 అంటే 60000, పట్టదు. పొంగిపోయి మైనస్ 5536 అవుతుంది. డిలే ఫంక్షన్‌కి మైనస్ తెలియదు, దానికి తెలిసింది 32 బిట్ల ధన సంఖ్య. ఆ మైనస్ 5536 దానికి 429,49,61,760గా కనపడుతుంది. అన్ని మిల్లీసెకన్లు అంటే దాదాపు 49.7 రోజులు! పసుపు బటన్ నొక్కితే పెట్టె ఏడు వారాలు నిద్రపోతోందన్నమాట. డిలేలో ఉన్నంతసేపు చిప్పు ఇంకే పనీ చేయదు కాబట్టి ఆకుపచ్చ బటనూ చచ్చిపోయింది. కరెంటు పోయి వస్తే మళ్లీ మొదటికి వస్తుంది. అమ్మ రోజూ నేరుగా ఆకుపచ్చే నొక్కింది కాబట్టి వారం దాకా ఎవరికీ తెలియలేదు. అక్కడ ట్యాంకు పొంగితే, ఇక్కడ నా ఇంట్ పొంగింది.

సరిచేయడం రెండు నిమిషాల పని. 60 పక్కన "యూఎల్" అని రెండు ఇంగ్లిష్ అక్షరాలు చేర్చితే కంపైలర్ దాన్ని 32 బిట్ల అంకెగా తీసుకుంటుంది. కానీ అసలు డిలేనే తీసేశాను. దాని బదులు "మిల్లిస్" అనే గడియారం వాడాను. అది కరెంటు వచ్చినప్పటి నుంచి ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయో చెబుతుంది. పసుపు నొక్కిన టైము రాసిపెట్టుకుని, లూప్ తిరిగిన ప్రతిసారీ ఇప్పటి టైములోంచి అది తీసేసి, నిమిషం దాటిందా అని చూడాలి. వంట చేస్తూ మధ్యమధ్యలో గడియారం చూసినట్టు. అప్పుడు ఆకుపచ్చ బటన్ కూడా పనిచేస్తుంది. ఆ గడియారం కూడా 49.7 రోజులకి మళ్లీ సున్నాకి వస్తుంది. అన్‌సైన్డ్ లాంగ్‌లో తీసివేత చేస్తే లెక్క తప్పదు.

ఇంకో సంగతి. కంపైలర్ ఈ తప్పు చెప్పగలదు. ఐడీఈ సెట్టింగ్స్‌లో కంపైలర్ వార్నింగ్స్ ఆపేసి ఉండటం వల్ల నాకు చెప్పలేదు. మీరు మొదటి రోజే అది ఆన్ చేసుకోండి. అలాగే అనుమానం వచ్చిన ప్రతిచోటా సీరియల్ మానిటర్‌లోకి ఒక మాట ప్రింట్ చేయించండి. పిచ్చి గుర్తులు కనపడితే బాడ్ రేటు రెండువైపులా ఒకటే ఉందో లేదో చూడండి.

ఆఖరుగా

ఈ మొత్తంలో కొత్త టెక్నాలజీ ఏమీ లేదు. ఏఐ లేదు, ఐఓటీ లేదు. మన నోటీసు బోర్డు మీద ప్రాజెక్ట్ టైటిళ్లలో పెడితే ఇది పక్కన పెట్టేసే రకం. కానీ ఇందులో నాకు తెలియని తీగ ఒక్కటి లేదు. ఎవరైనా వచ్చి ఏ అంకె మార్చమన్నా మారుస్తాను, మారిస్తే ఏమవుతుందో ముందే చెబుతాను. పరీక్ష మాత్రం అసలు అంకెతోనే చేస్తాను. నిమిషం అంటే నిమిషం కూర్చుంటాను.

మీరూ మొదలుపెట్టండి. మీ ఇంట్లోనో హాస్టల్లోనో రోజూ ఒకరిని విసిగించే చిన్న పని ఒకటి వెతకండి. వాళ్లని అడిగి మూడు వాక్యాలు రాసుకోండి. ఈ శనివారం పదమూడో పిన్ను వెలిగించండి. ఎక్కడైనా ఆగిపోతే సాయంత్రం ల్యాబ్‌లో కిటికీ పక్క టేబుల్ దగ్గర ఉంటాను, రండి. కోడ్ ఇవ్వను. పక్కన కూర్చుంటాను.

మళ్లీ ఇంటికెళ్లినప్పుడు చూశాను. పసుపు బటన్ మీద అమ్మ ఒక కాగితం ముక్క అంటించింది: "ఇది నమ్మొద్దు." బాగుచేశానని చెప్పినా తీయనంది. ఇంకో నెల చూసి తీస్తుందట. న్యాయమే.